ఒక్క కణమే అన్నీ చెయ్యాలా?

అమైనో ఆమ్లాలు ఎలా తయారవుతాయని బయోటెక్నాలజీ విద్యార్థిని అడగండి. మంచి బాక్టీరియాను ఎంచుకుని, దాని జన్యువులు సవరించి, చక్కెర పోసి పెంచితే చాలునంటారు. మిగతాదంతా ఆ ఒక్క కణమే చూసుకుంటుందట. ఈ నమ్మకానికి పునాది గట్టిదే. 1950లలో జపాన్‌లోని క్యోవా హక్కో సంస్థలో షుకువో కినోషిత బృందం కొరినీబాక్టీరియం గ్లుటామికమ్‌తో గ్లుటమిక్ ఆమ్లం తీసింది. ఇవాళ లైసిన్ ఏటా లక్షల టన్నులు ఆ దారిలోనే వస్తోంది. కానీ ఆ గెలుపును చూపించి, మిగతా దారులన్నీ ప్రయోగశాల ముచ్చట్లేనని కొట్టిపారెయ్యడం నాకు మింగుడుపడదు.

ఆ వాదంలో తరచూ వినిపించే మాట ఒకటుంది: కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును అడిగే ఎంజైమ్ కణం బయట దండగ. గ్లుటమిన్ సింథటేజ్‌నే తీసుకోండి. గ్లుటమిక్ ఆమ్లానికి అమ్మోనియాను చేర్చి గ్లుటమిన్‌గా మారుస్తుంది. అణువుకొక ఏటీపీ ఖర్చు. అంత ఏటీపీ కొని పోస్తే ఏ వ్యాపారమూ నిలవదు, నిజమే. అయితే కొనమన్నదెవరు?

క్యోటో విశ్వవిద్యాలయంలో తత్సురోకురో తోచికురా, ఆయన సహచరులు ఆ ఏటీపీని బ్రెడ్డులో వాడే ఈస్ట్ చేతే చేయించారు. దీని మూలం చాలా పాతది. కణాలు తీసేసిన ఈస్ట్ రసంలో ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ చక్కెర జోరుగా పులుస్తుందని, ఆ ఫాస్ఫేట్ చక్కెరకు అంటుకుపోయాక పులియడం మందగిస్తుందని 1906లోనే లండన్‌లో హార్డెన్, యంగ్ గమనించారు. కారణం తర్వాత తెలిసింది. పెరుగుతున్న ఈస్ట్ తన ఏటీపీని తన ఎదుగుదలకే ఖర్చు పెట్టుకుంటుంది. ఈస్ట్ రసానికీ, ఎండబెట్టిన ఈస్ట్‌కూ ఆ ఖర్చు లేదు. ఏటీపీని వాడుకునేవాళ్లు లేక ఫాస్ఫేట్ బయటపడదు, పని నెమ్మదిస్తుంది. అందులో బాక్టీరియా నుంచి తీసిన గ్లుటమిన్ సింథటేజ్ కలిపితే, అది ఏటీపీని వాడుకుని ఏడీపీని, ఫాస్ఫేట్‌ను ఈస్ట్‌కే తిరిగి ఇస్తుంది. పులియడం మళ్లీ ఊపందుకుంటుంది. ఒక గ్లూకోజ్ అణువు పులిస్తే నికరంగా మిగిలేది రెండు ఏటీపీలు, అంటే గరిష్ఠంగా రెండు గ్లుటమిన్‌లు. మొదట వేసిన కాస్త ఏటీపీయే తిరిగి తిరిగి పనికొస్తుంది.

(1929లో ఏటీపీని కనుగొన్నవారిలో జర్మనీలో లోమన్ ఒకరైతే, అమెరికాలో ఫిస్కేతో కలిసి పనిచేసిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు మరొకరు. ఆయన పేరు చెప్పుకుని గర్వపడే మన తరగతి గదుల్లో ఏటీపీని ఖర్చు పద్దుగా మాత్రమే చూపించడం నాకు బాధగా ఉంటుంది.)

బతికున్న కణానికి తన ప్రయోజనాలు తనకుంటాయి. గ్లుటమిన్ చాలినంత చేరగానే అది ఆ ఎంజైమ్‌కు పగ్గాలు బిగిస్తుంది. ఇ.కోలైలో ఆ పగ్గాలు ఎన్ని రకాలో ఎర్ల్ స్టాడ్‌మన్ పరిశోధనలు విప్పి చూపించాయి. వాటిని ఒక్కొక్కటిగా తెంచుతూ కణాన్ని మన దారికి తేవడం సుదీర్ఘమైన పని. బయటికి తీసిన ఎంజైమ్‌కు వాటిలో కొన్ని మొదటే తప్పిపోతాయి.

ఇంకో సౌలభ్యం నన్ను మరీ ఆకట్టుకుంటుంది. అమ్మోనియా బదులు ఇథైలమిన్ పోస్తే వచ్చేది థియానిన్, తేయాకుకు ప్రత్యేకమైన అమైనో ఆమ్లం. సూడోమోనాస్ టీట్రోలెన్స్ ఎంజైమ్‌ను ఈస్ట్‌తో జతచేసి తాచికి అనే శాస్త్రవేత్త బృందం దాన్ని సాధించింది. ఇందుకు కొత్త కణాన్ని నిర్మించనక్కర్లేదు, పోసే సరుకు మారిస్తే సరిపోతుంది. ఒకే కణంతో ఆ పని చేయించాలంటే అది ఇథైలమిన్‌ను తట్టుకోవాలి, లోపలికి తీసుకోవాలి, తయారైనదాన్ని బయటికి పంపాలి.

ఇబ్బందులు లేవనను. ఎంజైమ్‌ను విడిగా సిద్ధం చేసుకోవాలి. ఆల్కహాల్, ఈస్ట్ మడ్డి మధ్య నుంచి సరుకును శుభ్రంగా వేరు చెయ్యాలి. టన్నులకొద్దీ గ్లుటమిన్ కావాలంటే ఒంటి కణం దారే నెగ్గుతుంది. అయితే టన్నుల పోటీలో వచ్చిన ఆ తీర్పును తక్కువ మొత్తంలో, ఎక్కువ ధరకు అమ్ముడయ్యే పదార్థాలకు ఎందుకు అంటగట్టాలి? అలాంటివి కావలసినప్పుడు ముందు ఈస్ట్‌నూ ఎంజైమ్‌నూ జతచేసి చూడాలి. దిగుబడి చాలకపోతే అప్పుడు జన్యువుల జోలికి వెళ్లొచ్చు.