ముందు మట్టికి మేత, ఆ తర్వాతే పైరుకు ఎరువు

సార్వా కోత మిషను చేలోంచి బయటికి వెళ్ళిన రెండో నాడో మూడో నాడో గడ్డికి నిప్పు పడుతోంది. డెల్టాలో ఏ గట్టు మీద నిలబడి చూసినా సాయంత్రానికి పొగే. ఎందుకయ్యా అంటే, "దున్నితే గడ్డి గొర్రుకు చుట్టుకుంటుంది, పైగా దాళ్వా నాట్లు పసుపెక్కి కూర్చుంటాయి. ఒకసారి చేసి చూశాం, బుద్ధొచ్చింది" అంటారు. ఇలా అన్న రైతును ఏమీ తెలియనివాడని కొట్టిపారేయడం సులువే. కానీ ఆయన కళ్ళతో చూసిందే చెబుతున్నాడు. గడ్డి కలియదున్నిన వెంటనే నాటిన చేను పసుపెక్కడం నిజం. అది ఎందుకు జరిగిందో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే అసలు లోపం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నత్రజనిని బస్తాల్లో కొంటున్నాం. భాస్వరాన్ని బస్తాల్లో కొంటున్నాం. ఆ రెంటినీ నేలలో నిలిపి పైరుకు అందించే కర్బనాన్ని మాత్రం చేలోనే తగలబెడుతున్నాం. ఈ పద్ధతి మారనంత కాలం ఎరువుల ఖర్చు తగ్గదు.

మొదటి బంతి వాటిదే

ఎరువు వేశామంటే పైరుకు వేశామనుకుంటాం. మట్టిలో మాత్రం మొదటి బంతిలో కూర్చునేవి సూక్ష్మజీవులు. చిటికెడు మట్టిలో అవి కోట్ల కొద్దీ ఉంటాయి. మన కూరలో ఉప్పు కారాల్లాగే వాటి తిండికీ పాళ్ళున్నాయి. సూక్ష్మజీవుల శరీరంలో తూకం లెక్కన భాస్వరం ఒక కిలో ఉంటే, నత్రజని సుమారు 3 కిలోలు, కర్బనం 23 కిలోల దాకా ఉంటాయి. అంటే 7, 8 కిలోల కర్బనానికి ఒక కిలో నత్రజని కావాలన్నమాట. మూడింటిలో ఏది తక్కువైతే అవి అక్కడే ఆగిపోతాయి. ఇటుకలు ఎన్ని తోలినా సిమెంటు లేకపోతే గోడ లేవదు కదా.

ఇప్పుడు వరిగడ్డి లెక్క చూద్దాం. 100 కిలోల గడ్డిలో కర్బనం 40 కిలోలు ఉంటుంది, నత్రజని ముప్పాతిక కిలో కూడా ఉండదు. సూక్ష్మజీవులు గడ్డిని తినేటప్పుడు ఆ కర్బనంలో మూడింట రెండు వంతులు ఊపిరిగా గాలిలో కలిసిపోతుంది. మిగిలిన 13 కిలోలతో అవి ఒళ్ళు పెంచుకుంటాయి. అందుకు సుమారు కిలోన్నర నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది పోను ఇంకో కిలో దాకా తక్కువ పడుతుంది. ఆ కిలో ఎక్కడినుంచి తెచ్చుకుంటాయి? మట్టిలోంచే లాక్కుంటాయి. మనం దమ్ములో వేసిన యూరియాలోంచి కూడా లాక్కుంటాయి. పోటీలో వేళ్ళు గెలవలేవు. పైరు పసుపెక్కుతుంది. దానికి తోడు, నీరు నిలిచిన చేలో పచ్చిగడ్డి కుళ్ళినప్పుడు వచ్చే ఆమ్లాలు లేత వేళ్ళను దెబ్బతీస్తాయి. ఆ రైతు చూసిన పసుపు రంగు ఇదే.

అయితే ఇది దొంగతనం కాదు, అప్పు. గడ్డి తినడం అయిపోయాక సూక్ష్మజీవుల్లో చాలాభాగం చచ్చిపోతాయి. వాటి ఒంట్లో దాచుకున్న నత్రజని, భాస్వరం కొంచెం కొంచెంగా మట్టిలోకి తిరిగొస్తాయి. పైరు పిలకలు వేసి పొట్టకొచ్చే దశలో అది అందుకుంటుంది. మనం చేసిన పొరపాటు గడ్డి దున్నడం కాదు, దున్నిన వెంటనే నాటడం.

నారు పెరిగే లోపు గడ్డి చివకాలి

దాళ్వాకు నారు పోసిన దగ్గర్నుంచి నాటు పడేదాకా మూడు, నాలుగు వారాల వ్యవధి ఉంటుంది. చేలో తడి ఆరకముందే, నారు పోసిన వారం లోపే గడ్డిని పరచి కలియదున్నితే అది మెత్తబడటానికి ఆ సమయం చాలు. దున్నే ముందు ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల యూరియా చల్లితే సూక్ష్మజీవులకు ఆ లోటు కొంత పూడుతుంది, గడ్డి త్వరగా చివుకుతుంది. గడ్డి అంతా ఒక్కసారే చివకదు గనుక అంతకుమించి అక్కర్లేదు. దీన్ని అదనపు ఖర్చు అనుకోకండి. 50 కిలోల సూపర్‌లో 8 కిలోల భాస్వరం ఉంది. ఆ మేరకు డి.ఎ.పి. తగ్గించుకోవాలి. చల్లిన యూరియాను కూడా పైరు మొత్తం మోతాదులో లెక్క కట్టుకోవాలి.

తగలబెడితే పోయేదెంత? ఎకరా చేలో 2 టన్నుల గడ్డి ఉందనుకుంటే అందులో కర్బనం 800 కిలోలు, నత్రజని 12 కిలోల వరకు ఉంటాయి. ఈ రెండూ దాదాపు పూర్తిగా పొగలో పోతాయి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకే. అంటే సగం బస్తా యూరియాను చేతులారా కాల్చేసినట్టు. అంతకన్నా పెద్ద నష్టం ఆ 800 కిలోల కర్బనం. అది ఏ ఎరువుల కొట్లోనూ దొరకదు. ఇంట్లో పశువులుంటే గడ్డి వాటికే పెట్టండి, పేడ చేలోకి తోలండి. అది అన్నిటికన్నా మేలు. నేను మాట్లాడుతున్నది నిప్పు పాలయ్యే గడ్డి గురించే.

కర్బనం లేని నేలలో యూరియా

యూరియా వేస్తే సూక్ష్మజీవులు చచ్చిపోతాయని కొందరు ప్రచారం చేస్తున్నారు. అంతమాట అనక్కర్లేదు. నత్రజని వాటికీ తిండే. కానీ నేలలో కర్బనం లేనప్పుడు నత్రజని ఎంత పోసినా అవి పట్టి ఉంచుకోలేవు. కొంత ఆవిరై గాలిలోకి, కొంత నీళ్ళతో పాటు కిందికి పోతుంది. వరికి వేసిన యూరియాలో పైరుకు దక్కేది మూడో వంతు నుంచి నాలుగు పదుల శాతం మాత్రమే అంటే, మిగతా బస్తాలు ఎక్కడికి పోయాయో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. రంగు కోసమని పై ఏడాది ఇంకో అరబస్తా పెంచితే దోమకూ తెగుళ్ళకూ పిలిచి పెట్టినట్టే.

కంది, మినుము, వేరుశనగ వేసేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. వీటి వేరు బుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. నేలలో నత్రజని దండిగా ఉంటే మొక్క ఆ బుడిపెలను పెంచదు. ఇంటిముందుకే భోజనం వస్తుంటే పొయ్యి రాజేసేదెవరు?

నేలలో భాస్వరం ఉంది, తాళం వేసి ఉంది

భాస్వరం కథ వేరు. అది గాలిలోకి పోదు. వేసిన ఏడాది పైరు తీసుకునేది ఐదో వంతుకు మించదు. మిగతాది నల్లరేగడిలో సున్నంతోనూ, ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియంతోనూ బిగుసుకుని ఉండిపోతుంది. డి.ఎ.పి. బస్తాకు 23 కిలోల చొప్పున ఏళ్ళ తరబడి వేసినవాళ్ళ నేలల్లో ఆ నిల్వ చాలానే పేరుకుంది.

ఆ తాళం తీసేది కూడా సూక్ష్మజీవులే. భాస్వరం కొరత పడినప్పుడు అవి ఆమ్లాలు, ఎంజైములు వదిలి బిగుసుకున్న భాస్వరాన్ని విడదీస్తాయి. మెట్ట పైర్లలో మైకోరైజా అనే వేరు బూజు తన దారాలను దూరం దాకా పంపి భాస్వరం మోసుకొస్తుంది. ఇంత పని చేయాలంటే వాటికి శక్తి కావాలి. ఆ శక్తి కర్బనమే. రెండోది, కరిగిన భాస్వరం చుట్టూ పుష్కలంగా ఉంటే ఆ ఎంజైములు తగ్గిపోతాయి, మొక్క కూడా వేరు బూజును దగ్గరికి రానివ్వదు. అంటే భాస్వరం ఎక్కువున్న నేలలో ఇంకా డి.ఎ.పి. గుమ్మరించడం, డబ్బిచ్చి మన కూలీలను మనమే ఇంటికి పంపడం. వరిలో జింకు లోపం ముదరడానికీ ఈ అతి ఒక కారణం.

పి.ఎస్.బి. ప్యాకెట్టయినా, జీవామృతమైనా ఇదే మాట. వాటిని నేను తక్కువ చేయను. కానీ కర్బనం లేని నేలలో వాటిని పోయడం పొయ్యి వెలగని ఇంటికి చుట్టాలను పిలవడం లాంటిది. ముందు ఇంట్లో బియ్యం ఉండాలి.

తప్పు రైతుదొక్కడిదేనా?

నేలకు కర్బనం పట్టాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. డెల్టాలో సాగు చేస్తున్నవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందం 11 నెలలకే. పై ఏడాది ఈ చేను తనదో కాదో తెలియని మనిషి జీలుగ విత్తనం కొని చల్లుతాడా? అగ్గిపెట్టె చవక. కౌలుదారును నిందించే ముందు భూమి యజమానులు ఒకటి ఆలోచించాలి. మూడేళ్ళకు మాటిచ్చి, గడ్డి కాల్చకూడదని షరతు పెట్టి, దానికి బదులు కౌలులో ఒకటి రెండు బస్తాలు తగ్గిస్తే నష్టపోయేది ఎవరూ లేరు. బాగుపడేది ఆయన భూమే.

ప్రభుత్వాల సంగతీ అంతే. యూరియా ధరను కట్టడిలో ఉంచారు. 2010 నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ ఇస్తున్నారు. పేడ తోలుకున్నవాడికి, గడ్డి దున్నినవాడికి అలాంటి ఆసరా ఏది? 2015లో మొదలైన భూసార కార్డుల్లో సేంద్రియ కర్బనం అంకె ఉంటుంది. అది 0.5 శాతం లోపుంటే తక్కువ అని అర్థం. ఎంతమంది రైతులకు ఆ అంకెను చదివి వినిపించారు?

ఎవరో వచ్చి చేస్తారని కూర్చుంటే సీజను దాటిపోతుంది. ఈసారి ఉన్నదంతా మార్చనక్కర్లేదు. ఒక్క అరెకరంలో గడ్డి కాల్చకుండా, పైన చెప్పినట్టు మూడు వారాల ముందు కలియదున్ని చూడండి. నీటి వసతి ఉన్నవాళ్ళు సార్వాకు ముందు ఎకరాకు 10, 12 కిలోల జీలుగ చల్లి పూత దశలో దమ్ములో తొక్కించండి. లేత జీలుగలో నత్రజని ఎక్కువ గనుక వరిగడ్డిలా అప్పు అడగదు, ఎదురిస్తుంది. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే డి.ఎ.పి.లో ఒక బస్తా ధైర్యంగా తగ్గించండి. రెండు, మూడు పంటలు వరుసగా పక్క మడితో పోల్చి చూసుకోండి.

పశువుకు మేత వేయకుండా పాలు పిండాలని ఏ రైతూ అనుకోడు. మట్టి విషయంలో మాత్రం ఆ పనే చేస్తున్నాం.