ఖాళీ ఎవరికి మిగిలింది?

"మిక్సీ ఉంది, గ్రైండర్ ఉంది, వాషింగ్ మెషీన్ ఉంది. ఇంకా మీకు పనేముందండీ?" ఈ మాట వినని ఇల్లాలు మనలో ఉండదు. ఈమధ్య దానికి ఒక తోక తగిలించారు: "ఆ ఖాళీ టైములో ఏదైనా కోర్సు నేర్చుకోవచ్చుగా, రాబోయేదంతా ఏఐ కాలం!" ఫోన్ తెరిస్తే, తెల్లారుజామున లేచి జీవితాన్ని మార్చుకోండని చెప్పే పెద్దమనుషులు వరుసకట్టి ఉంటారు. అప్పటికే లేచి పాలు కాస్తున్న మనకి వాళ్లు కొత్తగా చెప్పేదేమిటో!

యంత్రాలు వద్దని నేననను. రోటి పచ్చడి రుచి తలుచుకుని నిట్టూర్చేవాళ్లు రుబ్బినవాళ్ల భుజాల నొప్పి కూడా తలుచుకోవాలి. నేననేది ఇంతే: యంత్రం పనిని తేలిక చేస్తుందిగానీ, ఆ పని ఎవరు చెయ్యాలో తేల్చదు.

రుబ్బురోలు రోజుల్లో దోసె అంటే ఏ ఆదివారమో. గ్రైండర్ వచ్చాక వారమంతా దోసెలే. చేత్తో ఉతికే రోజుల్లో చొక్కా రెండు రోజులు కట్టేవాళ్లు, ఇప్పుడు సాయంత్రానికే మెషీన్లో పడుతుంది. ఇక ఫోన్ సంగతి చూడండి. కరెంటు బిల్లుకి లైన్లో నిలబడటం, గ్యాస్ చెప్పిరావడం, మందులు తేవడం ఒకప్పుడు చాలా ఇళ్లల్లో మగవాళ్ల పనులు. అవన్నీ ఫోన్లోకి వచ్చాక మెల్లగా మన చేతికి చేరాయి. సిలిండర్ తెచ్చిన అబ్బాయికి ఓటీపీ చెప్పేది మనమే, పిల్లల స్కూలు గ్రూపులో మెసేజీలు చదివేదీ మనమే.

ఇది మనదేశపు వింత మాత్రమే కాదు. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని పుస్తకమే రాసింది. కొత్త పొయ్యిలొచ్చి కట్టెలు కొట్టే మగవాడి పని తగ్గించాయిగానీ, ఇల్లాలి పని తగ్గలేదని ఆవిడ వాదన.

మన లెక్కలూ చూద్దాం. కేంద్ర ప్రభుత్వపు టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెట్టారు. 2024లో 289. అదే ఇంటిపని చేసే మగవాళ్లకైతే 97 నుంచి 88కి తగ్గింది. అంటే ఐదేళ్లలో మనకి దక్కింది పది నిమిషాలు, వాళ్లకి తొమ్మిది. ఆ పది నిమిషాల్లో మనం ఏఐ నేర్చేసుకోవాలట!

మా సూళ్లూరుపేటలో రాకెట్ శబ్దం వినపడితే మేడెక్కుతాం. శ్రీహరికోట మాకంత దగ్గర. 2014 సెప్టెంబరులో మంగళయాన్ కక్ష్యలోకి చేరినప్పుడు పట్టుచీరల్లో నవ్వుతున్న ఇస్రో ఆడవాళ్ల ఫోటో అందరూ చూశారు. నాకూ గర్వమే. కానీ అలాంటివాళ్లని పొగిడేటప్పుడు "ఇల్లూ చక్కబెట్టుకుంటూనే" అని ఒక మాట కలుపుతారు, గమనించారా? ఇస్రో ఛైర్మన్ని మాత్రం పొద్దున ఉప్మా ఎవరు చేశారని అడగరు. అంత చదివి అంత ఎత్తుకెళ్లిన ఆవిడకే ఈ లెక్క తప్పనప్పుడు, ఒక ఆన్‌లైన్ కోర్సుతో మన లెక్క మారుతుందా?

"అయితే ఆడవాళ్లు నేర్చుకోవద్దా?" అంటారు. తప్పకుండా నేర్చుకోవాలి. కానీ నేర్చుకోవడానికి ముందు గంట కావాలి, ఆ గంట నిద్రలోంచి కోసి తేకూడదు. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో, ఇల్లాళ్లు పని చెయ్యరనుకోవడం తప్పని జస్టిస్ ఎన్.వి. రమణ తీర్పులోనే రాశారు. కోర్టు ఒప్పుకున్న సంగతి మనింట్లో ఒప్పించలేమా?

ఒక పని ఎంచుకోండి. పాలో, కూరగాయలో, స్కూలు గ్రూపో. "సాయం చెయ్యండి" అనకుండా, గుర్తుపెట్టుకునే బాధ్యతతో సహా పూర్తిగా అప్పజెప్పండి. ఒకరోజు పాలు లేక కాఫీ తప్పితే తప్పనివ్వండి.

మా చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. ఆవిడ దేవత, ఆవిడకి చెల్లింది. మన వంటిల్లు మాత్రం రాత్రి ఎనిమిదిన్నరకి మూసేద్దాం. ఆ తర్వాత చదువుకుంటామో, ఊరికే కూర్చుంటామో, అది మనిష్టం.