ఉక్కు ఇక్కడ... నేర్పు ఎక్కడ?

ముత్తుకూరు: కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైంది. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో మొదటి రెండు 800 మెగావాట్ల యూనిట్లు 2015లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టగా, మూడో యూనిట్‌ను 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. ఇరుగుపొరుగు గ్రామాల్లో ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు కూడా వెలిశాయి. బాయిలరు చట్రాలు, బొగ్గు కన్వేయర్లు, గోదాముల షెడ్లు కలిపి ఈ తీరాన వేల టన్నుల ఉక్కు నిలబడింది. దానిని నిలబెట్టిన వారిలో మన యువకులు మాత్రం చాలావరకు హెల్పర్లుగా, కాపలాదారులుగానే మిగిలారు. చట్రం ఎక్కి బోల్టు బిగించే ఎరెక్టర్లు, క్రేనుకు సైగలిచ్చే రిగ్గర్లు ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల నుంచి కాంట్రాక్టర్ల వెంట వచ్చినవారే.

స్థానికులకు ఎత్తంటే భయమనే మాట సైట్లలో తరచూ వినిపిస్తుంది. తాటిచెట్టెక్కి కల్లు దించే ఊళ్ల గురించి అనవలసిన మాట కాదది. తాళ్లు, ముడులు, బరువుల లాగుడు మత్స్యకార కుటుంబాలకు పుట్టుకతో వచ్చిన విద్య. కేరళలోని బేపూరు తీరంలో ఓడలను ఒడ్డుకు లాగే మాపిళ్ల ఖలాసీలు 1988లో పెరుమన్ రైలు ప్రమాదం జరిగినప్పుడు అష్టముడి సరస్సులో పడిన బోగీలను వెలికితీయడంలో తోడ్పడ్డారు. సముద్రం నేర్పిన పనే అక్కడ ఇనుప పనికి అక్కరకు వచ్చింది. కాబట్టి మన తీరంలో కొరవడింది ధైర్యం కాదు, శిక్షణ.

చూసి నేర్చుకుంటే చాలదా అని మేస్త్రీలు అడుగుతారు. కొంతవరకు చాలుతుంది. అయితే ఒక దూలాన్ని రెండు తాళ్లతో ఎత్తేటప్పుడు తాళ్లు నేలకు సమాంతరమైన గీతతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో తాడుపై పడే లాగుడు మొత్తం బరువులో దాదాపు 58 శాతం. అదే కోణం 30 డిగ్రీలకు తగ్గితే ఒక్కొక్క తాడూ మొత్తం బరువంత లాగుడును మోయవలసి వస్తుంది. దూలం అదే, తాళ్లూ అవే. ఈ లెక్క కంటికి కనిపించదు. డ్రాయింగు చదవడం, గ్యాస్ కటింగు, కాలమ్ నిలువు సరిచూడడం, నడుముకు కట్టిన బెల్టు కొక్కేన్ని ఎక్కడ తగిలించాలో తెలియడం కూడా ఇటువంటివే. వీటిని వరుసక్రమంలో నేర్పేదే అప్రెంటిస్ పద్ధతి.

అమెరికాలో ఇనుప చట్రాల పనివారి సంఘాలు మూడు నాలుగేళ్ల అప్రెంటిస్ శిక్షణ నడుపుతాయి. పూర్తిస్థాయి పనివాడి వేతనంలో కొంత భాగంతో మొదలైన జీతం మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. మన దేశంలోనూ 1961 నాటి అప్రెంటిస్ చట్టం అమల్లో ఉంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థ కాంట్రాక్టు కార్మికులతో కలిపిన సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 2019 నిబంధనలు కనీస భృతిని అర్హతను బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. దీన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది.

చిక్కు ఎక్కడంటే, చట్రం ఎత్తే పని ప్రధాన సంస్థ చేతిలో ఉండదు. ఒక కాంట్రాక్టరు నుంచి మరొకరికి చేతులు మారి చివరకు ఇరవై ముప్పై మంది ముఠాకు చేరుతుంది. ఆ ముఠా నాయకుడు పని ముగియగానే మరో రాష్ట్రం వెళ్లిపోతాడు. అతని వద్ద ఏళ్ల తరబడి పనిచేసిన కుర్రవాడికి పనితనం వస్తే రావచ్చు, సర్టిఫికెట్ రాదు. అది లేనిదే గల్ఫ్‌లోనైనా, విశాఖలోనైనా హెల్పరు కూలీయే. ప్రధాన సంస్థలు తీసుకునే అప్రెంటిస్‌లు సహజంగానే కేంద్రం నడిపే పనులకు వెళతారు, నిర్మాణానికి కాదు.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. తగిన నైపుణ్యం గలవారు దొరకకపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలన్నది అందులోని నిబంధన. ఆ కోటా హైకోర్టులో సవాలును ఎదుర్కొంది. హర్యానా తెచ్చిన ఇటువంటి చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. కోటా మాట ఎలా ఉన్నా శిక్షణ నిబంధనను ఏ కోర్టూ తప్పుపట్టనక్కరలేదు. నాయకుల ప్రసంగాల్లో మాత్రం 75 శాతమే వినిపిస్తుంది, మూడేళ్ల శిక్షణ వినిపించదు.

నిర్మాణం ముగిస్తే పనీ ముగుస్తుందనే వాదన తీరానికి వర్తించదు. ఉప్పుగాలి ఉక్కును తింటూనే ఉంటుంది. జెట్టీలు, కన్వేయర్ల చట్రాల్లో తుప్పుపట్టిన పలకలను కోసి కొత్తవి వేయడం, యూనిట్లు ఆపినప్పుడు మరమ్మతులు చేయడం ఏటా ఉండే పనులే.

ఇక ఉత్తరాన రామాయపట్నంలో ఓడరేవుకు 2022 జులైలో శంకుస్థాపన జరిగింది. దాని చేరువలో చమురుశుద్ధి కర్మాగారం ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు వెచ్చిస్తామని భారత్ పెట్రోలియం 2024 డిసెంబరులో ప్రకటించింది. ప్రధాన కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడే చట్రాల పనిలో ఎంతమంది అప్రెంటిస్‌లను, ఏయే ఐటీఐల నుంచి తీసుకోవాలో అందులో చేర్చాలి. కింది కాంట్రాక్టర్లకు పని పంచిన తరువాత అడిగితే జవాబు చెప్పేవారుండరు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు, వెల్డర్ కోర్సు ఏడాది. ఆపై అప్రెంటిస్‌గా చేరేవారు సంస్థతో ఒప్పందం కేంద్ర పోర్టల్‌లో నమోదైందో లేదో ముందుగా చూసుకోవాలి. నమోదు లేని శిక్షణకు జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ ఇవ్వరు.