కోతకు కూలియా, క్షేమమునకు ప్రతిఫలమా?

తెలంగాణమున నూరు కాన్పులలో అరువదికి పైగా కడుపుకోసి బిడ్డను తీసినవే యని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున తేలినది. సరియైన లెక్క 60.7. ఆంధ్రప్రదేశమున 42.4, దేశమునకంతటికి 21.5. ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే గైకొన్నచో తెలంగాణమున నూటికి 81.5. పొరుగున నున్న మహారాష్ట్రమున మొత్తముమీద 25.4. పెన్‌గంగ దాటినంత మాత్రమున స్త్రీల దేహనిర్మాణము మారిపోవునా?

బిడ్డ అడ్డము తిరిగినపుడు, మాయ ముందునకు వచ్చినపుడు ఈ శస్త్రచికిత్స ప్రాణదాత. దానిని నిందించుట మా యుద్దేశము గాదు. అవసరము లేని కోతను గూర్చియే మా వాదము.

వైద్యుని దూషించుటకు పూర్వము అతనికి సొమ్ము ముట్టు పద్ధతిని చూడవలెను. తొలిచూలు స్త్రీ సహజముగ ప్రసవించుటకు పండ్రెండు గంటలో, అంతకు మించియో ప్రక్కనే కనిపెట్టుకొని యుండవలెను. రాత్రియంతయు మేల్కొన్నదానికి దక్కునది స్వల్పము. కోత గంటలో ముగియును, రుసుము హెచ్చు, మత్తువైద్యుని పద్దు వేరు, గది అద్దె మరికొన్ని దినములది. ఓపికకు వెల లేదు, కత్తికి వెల యున్నది. ఇట్టి యేర్పాటులో ఓర్పు వహించిన ఆసుపత్రియే నష్టపడును.

అయినను దోషమంతయు రుసుముపై మోపరాదు. జీతగాండ్రే పనిచేయు ప్రభుత్వాసుపత్రులలోను తెలంగాణమున ఈ లెక్క 44.5. ప్రసవవిద్యలో ఆరితేరిన నర్సుల కొరత, నొప్పుల భయము, ముహూర్తపు పిచ్చి, ఇవియు కారణములే. పంచాంగము చూచి బిడ్డను వెలికిదీయించు విద్యావంతులు మన పట్టణములలో తక్కువగా లేరు. పఠనమందిరమున కూర్చుండి యీ పంక్తులు చదువువారిలోను ఉందురేమో!

ఇక ప్రజాధనము మాట. 2007లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరోగ్యశ్రీని నెలకొల్పినపుడు, పెద్దాసుపత్రి గడప తొక్కజాలని పేదకు శస్త్రవైద్యము చేరువయ్యెను. ఆ మేలు మరువరానిది. కాని చికిత్సకింత యని కట్టి చెల్లించుటయే అందలి పద్ధతి. ఇల్లు చేరిన రోగి కోలుకొన్నాడా, మరల మంచము పట్టినాడా యను ప్రశ్నకు ఆ పద్దులో తావు లేదు. 2023లో జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రులను రోగుల సంతృప్తి, తిరిగి చేరినవారి సంఖ్య, రోగి చేతినుండి పెట్టిన వ్యయము, ఋజువైన ఫిర్యాదులు, జీవనసౌఖ్యమున కలిగిన మెరుగు అను అయిదింటిచే తూచెదమని ప్రకటించెను. దారి సరియైనదే. తూచుటతో నాగక, చెల్లింపును సైతము ఆ తూకమునకు ముడివేయవలెను.

కాన్పుతోనే మొదలిడవచ్చును. సహజప్రసవమునకును కోతకును ఒక్కటే మొత్తము నిర్ణయింపవలెను. అట్లయినచో కావలసిన కోతనుగూడ ఎగవేయుదురు, కష్టమైన కాన్పును వేరొకచోటికి త్రోసివేయుదురు అను ఆక్షేపణ కలదు. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. కావుననే నెలలు నిండి, తలక్రిందుగ నున్న ఒక్క బిడ్డను మోయు తొలిచూలు స్త్రీలను వేరుగా లెక్కించి, ఆ తరగతి యందే ఆసుపత్రులను పోల్చవలెను. తల్లీబిడ్డల క్షేమము, మరియొకచోటికి పంపివేసినవారి సంఖ్య ప్రక్కనే చూపవలెను. ఈ యంకెలు ప్రతి ఆసుపత్రి వాకిట తెలుగున వ్రాయబడవలెను. గర్భిణి వానిని చదువుకొని లోనికి పోవలెనో మరలవలెనో తానే నిర్ణయించుకొనును.