రేకు మీద రంగు, రంగు కింద రాతినార

ఎండలు ముదిరేసరికి పద్మారావు నగర్ మేడల మీద ఓ పని తప్పకుండా మొదలవుతుంది. రేకుల గదుల పైకప్పులకు తెల్ల పెయింటు వేయించడం. స్కందగిరి గుడి చుట్టుపక్కల సందుల్లోనూ, వాకర్ టౌన్ వైపూ పాత ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. మిగిలిన మేడల మీద మాత్రం సిమెంటు రేకుల కింద ఓ గదో, బట్టలుతికే జాగానో ఉంటూనే ఉంది. గాంధీ ఆసుపత్రి దగ్గరే కాబట్టి ఆ గదులకు అద్దెకొచ్చేవాళ్లకు కొదవ లేదు. మే నెల మధ్యాహ్నం అందులో కూర్చోవడం ఎవరివల్లా కాదు, అందుకే ఈ రంగు. వేయించడం మంచిదే. పేచీ అంతా వేసే ముందు జరిగే పనితోనే.

పాతికేళ్లు ఎండకీ వానకీ నానిన రేకును దగ్గర నుంచి చూడండి. పైన నల్లగా నాచు. సిమెంటు కొట్టుకుపోయిన చోట, మడతల మధ్య పల్లాల్లో, బూడిదరంగు నూగు తేలి ఉంటుంది. ఆ నూగులో ఉన్నది ఆస్బెస్టాస్, అంటే రాతినార. రేకు బరువులో అది ఇంచుమించు పదో వంతు, తక్కినదంతా సిమెంటూ, ఫ్లైయాషూ వగైరా. పెయింటింగ్ కుర్రాడు రేకుల మీదికెక్కి, మొహానికి రుమాలు చుట్టుకుని, వైర్ బ్రష్షుతో బరబరా గీకుతాడు. నాచు పోతేనే గదా రంగు పట్టేది! లేచిన పొడి పక్క మేడ మీద ఆరేసిన బట్టల మీదా, మూత సరిగా లేని నీళ్ల ట్యాంకులోనూ పడుతుంది. అందులో కంటికి కనిపించేదానితో పెద్ద ముప్పు లేదు. మూడు మైక్రాన్ల కన్నా సన్నని పోగులే ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి, వాటికి రుమాలు ఏ మాత్రం అడ్డం కాదు. ఆ పోగులు తెచ్చే మెసోథెలియోమా క్యాన్సర్ బయటపడటానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. అప్పటికి ఏ మేడ మీద పీల్చాడో ఆ కుర్రాడికీ గుర్తుండదు, వైద్యుడూ అడగడు.

అలాగని రేకు కింద పడుకున్నవాళ్లంతా రేపే జబ్బున పడతారని బెదరగొట్టడం తప్పు. పగలని, కోయని, గీకని రేకు నుంచి గాలిలోకి వచ్చేది బహు స్వల్పం. తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఇంతవరకైతే ఫరవాలేదనే హద్దు ఏదీ గీయలేదు. కాబట్టి మార్చగలిగినవాళ్లు మార్చుకోవాలి. మార్చే స్తోమత లేనివాళ్లకు పైపూత నిజంగానే అక్కరకొస్తుంది. పోగులను కదలకుండా పట్టి ఉంచే ఈ పూతలు రెండు తీరులు. పల్చగా ఉండి రేకులోకి ఇంకి లోపలి పోగులను బంధించేది ఒకటి, పైన దళసరి పొరగా పరుచుకునేది రెండోది. పాత రేకుకు ముందు మొదటిది, దాని మీద రెండోది వేస్తే పని గట్టిగా ఉంటుంది. సిమెంటు క్షారానికి తట్టుకునే ప్రైమర్ లేకపోతే ఎంత ఖరీదైన రంగైనా రెండేళ్లలో పొలుసులు లేస్తుంది. పొలుసు ఊరికే రాలదు, పోగులను కూడా లాక్కుని రాలుతుంది. బోల్టుల రంధ్రాలూ, కోసిన అంచులూ వదిలేస్తే మళ్లీ మొదటికే. నాచును గీకకూడదు. నాచుమందు చల్లి, చచ్చాక తడిపి, మెత్తగా తుడవాలి. ఇంకో సంగతి, పాత రేకు మనిషి బరువు ఆగదు. అడ్డంగా చెక్కలు పరుచుకోకుండా ఎక్కితే క్యాన్సర్ దాకా పోనక్కర్లేదు, ఆ పూటే కిందపడతాడు.

ప్రెజర్ వాషర్‌తో కడిగితే తేలిక కదా అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఆస్బెస్టాస్ కప్పును అలా కడగడం నేరం. మన దగ్గర అది అద్దెకు దొరికే సౌకర్యం.

ఈ రేకుకు హైదరాబాద్ పరాయిది కాదు. 1946లో పుట్టిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రోడక్ట్స్ సనత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి చార్మినార్ రేకులను దేశమంతా పంపింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. 1986 నుంచే కేంద్రం ఆ మైనింగ్ లీజుల మీద ఆంక్షలు పెట్టింది. తవ్వడం ప్రమాదమట. రష్యా, కజకిస్థాన్, బ్రెజిల్ నుంచి తెచ్చి రేకులు పోసుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు! ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం ప్రాథమిక హక్కేనని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, వాళ్ల వైద్య రికార్డులను దశాబ్దాల పాటు భద్రపరచమంది. ఆ రక్షణ ఫ్యాక్టరీ గేటు లోపలివాళ్లకు. మేడ మీద బ్రష్షు పట్టినవాడు ఏ రికార్డుకూ ఎక్కడు.

ఇప్పుడు ప్రభుత్వమే రంగు వేయమంటోంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్లకూ తప్పనిసరి చేసింది, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి, మెచ్చుకోవలసిందే. కానీ వేడికి అల్లాడేది ఎక్కువగా రేకుల కిందివాళ్లే. ఐచ్ఛికమన్న చోటే గీకుడు ఎక్కువ, పర్యవేక్షణ తక్కువ. కాంక్రీటు శ్లాబును ఎలాగైనా గీకవచ్చు, ఆస్బెస్టాస్ రేకును గీకకూడదు. రెంటికీ ఒకే డబ్బా, ఒకే బ్రష్షు వాడే చోట వేడి తగ్గించే పథకమే పొడిని పెంచుతుంది.

నాకు ఎక్కువ బెంగ కలిగించేది మరొకటి. సనత్‌నగర్ సంస్థ వారసులే ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని రేకులు కూడా అమ్ముతున్నారు. తెల్ల రంగు పడ్డాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. పదేళ్లకు ఇల్లు బిల్డరుకిచ్చారనుకుందాం. కూల్చడానికి వచ్చిన మేస్త్రీకి తెల్లటి రేకు కనిపిస్తుందే తప్ప దాని కింద ఏముందో తెలియదు. సుత్తితో నాలుగు దెబ్బలు, ట్రాలీలో మిగతా శిథిలాలతో కలిపి బయటికి. జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లలో కట్టడాల వ్యర్థాలను పిండి చేసి ఇసుకా, ఇటుకలూ తీస్తున్నారు. ఆ క్రషర్‌లో రేకు ముక్కలు కలిస్తే అంతకాలం రంగు కింద అణిగి ఉన్న పోగులు ఒక్కసారిగా గాలిలోకి లేస్తాయి. బ్రిటన్‌లో ఇళ్లు కాని భవనాల్లో ఆస్బెస్టాస్ ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో రికార్డు పెట్టడం యజమాని బాధ్యత. పూత వేసినంత మాత్రాన ఆ రికార్డులోంచి పేరు తీసేయరు.

మనకు అంత యంత్రాంగం అక్కర్లేదు. పూత వేసిన ప్రతి రేకుల కప్పు అంచున, చెరగని నల్లరంగుతో, ‘ఆస్బెస్టాస్’ అన్న మాటా, పూత వేసిన సంవత్సరమూ రాయించాలి. కూల్చివేత అనుమతి దరఖాస్తులో రేకులున్నాయా అని ఒక గడి పెట్టాలి. ఉన్నాయంటే పగలగొట్టకుండా తడిపి, బోల్టులు విప్పి, దళసరి ప్లాస్టిక్‌లో చుట్టి విడిగా పంపితేనే అనుమతి. కూల్ రూఫ్ పనులు చేసే పెయింటర్లకు అర పూట శిక్షణా, సరైన మాస్కూ ఇవ్వాలి, ఆ ఖర్చు ఇంటి యజమాని నెత్తిన పెట్టకుండా పథకం లెక్కలోనే కలపాలి. ఇందులో దేనికీ అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు. మున్సిపల్ శాఖ సర్క్యులర్ ఒకటి చాలు, అది ఫిబ్రవరి లోపు, బ్రష్షులు మేడలెక్కక ముందే రావాలి.