పక్షవాతం తరువాత చేయి కదలాలంటే: భిలాయిలో మానసిక సాధనకు మాతృభాష తోడు

పక్షవాతం వచ్చిన మనిషి ప్రాణాపాయం దాటి ఇల్లు చేరిన తరువాత మరో సుదీర్ఘ పోరాటం మొదలవుతుంది. చాలామందిలో నడక కొంతవరకు తిరిగి వస్తుంది. చేయి మాత్రం వెనుకబడిపోతుంది. గ్లాసు అందుకోవాలంటే భుజం, మోచేయి, మణికట్టు, ఐదు వేళ్లు ఒకదానితో ఒకటి సమన్వయంతో కదలాలి. కుడి చేత్తో అన్నం కలుపుకొని తినే ఇళ్లలో ఆ చేయి పడిపోవడమంటే ఒక అవయవం పట్టు తప్పడం మాత్రమే కాదు, ప్రతి పూటా మరొకరు పెట్టే ముద్ద కోసం ఎదురుచూడవలసి రావడం కూడా.

చేతి కదలికను తిరిగి రాబట్టేందుకు ఫిజియోథెరపీకి తోడుగా వైద్యులు పరిశీలిస్తున్న పద్ధతుల్లో మానసిక సాధన ఒకటి. రోగి కండరాలను కదిలించకుండా, కదలికను మనసులో మాత్రమే పదేపదే జరిపించుకోవడం ఇందులోని సారాంశం. క్రీడాకారులు, సంగీత విద్వాంసులు ఎంతో కాలంగా అనుసరిస్తున్న ఈ సాధనకు యంత్రాలు అక్కరలేదు, ఖర్చూ అంతగా ఉండదు. ఈ సులువే దాని ఆకర్షణకు కారణం. అపార్థానికి కారణం కూడా అదే.

సాధన ఎలా సాగుతుందో తెలిస్తే ఆ అపార్థం ఎక్కడుందో అర్థమవుతుంది. రోగి నిశ్శబ్దమైన చోట కూర్చొని, కొద్ది నిమిషాలు శరీరాన్ని వదులు చేసుకుంటారు. తరువాత చికిత్సకుని మాట గాని, ముందే రికార్డు చేసిన మాట గాని వారిని నడిపిస్తుంది. బల్ల మీద స్టీలు గ్లాసు ఉంది, చేయి మెల్లగా ముందుకు సాగుతోంది, వేళ్లు విచ్చుకుంటున్నాయి, గ్లాసు చల్లదనం అరచేతికి తగులుతోంది, నీళ్ల బరువు మణికట్టు మీద పడుతోంది. ఇలా ఒక్కొక్క మెట్టునూ రోగి లోలోపల అనుభవించాలి. ఎవరో చేస్తుంటే చూస్తున్నట్టు కాకుండా, తన చేతితో తానే చేస్తున్నట్టు భావించాలి. నిజంగా ఆ పని చేయడానికి ఎంత సమయం పడుతుందో, ఊహలోనూ దాదాపు అంతే పట్టాలి.

దీని వెనుక ఉన్న తర్కం స్పష్టమైనదే. కదలికను ఊహించినప్పుడు, ఆ కదలికను పథకం వేసి నడిపించే మెదడు భాగాల్లో చాలావరకు చురుకుగా పనిచేస్తాయి. చేతివేళ్లతో పియానో సాధన చేసిన వారిలోనూ, అదే సాధనను మనసులో మాత్రమే చేసిన వారిలోనూ మెదడులోని వేళ్ల ప్రాతినిధ్యం మారినట్టు 1995లో పాస్కువల్ లియోన్ బృందం ప్రచురించిన ప్రయోగం చూపింది. పక్షవాతంలో పాడైన కణజాలం తిరిగి మొలవదు. కాని మిగిలిన భాగాలు పదేపదే వాడుక ద్వారా కొత్త పనిని నేర్చుకోగలవు. చేయి ఇంకా సరిగా లేవని స్థితిలో ఆ వాడుకను పెంచుకునే అదనపు మార్గాన్ని మానసిక సాధన ఇస్తుంది.

అయితే ఫలితాలు ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు రాలేదు అన్నది జాగ్రత్తగా చూడాలి. స్టీఫెన్ పేజ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 32 మంది పాల్గొన్నారు. వారికి పక్షవాతం వచ్చి సగటున మూడేళ్లు దాటింది. అందరికీ వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఆరు వారాల పాటు చేతి వ్యాయామం చేయించారు. ఆ వెంటనే సగం మంది అదే పనిని మనసులో సాధన చేశారు, మిగిలిన వారు విశ్రాంతి సూచనలు విన్నారు. మానసిక సాధన చేసిన వారి చేతి పనితీరు ఎక్కువగా మెరుగుపడింది. 2011లో వెలువడిన మరో అధ్యయనంలో 121 మంది పాల్గొన్నారు. అక్కడ మానసిక సాధనను చేతి వ్యాయామంతో జోడించకుండా విడిగా నాలుగు వారాలు చేయించారు. మిగిలిన బృందాలతో పోలిస్తే అదనపు ప్రయోజనం కనిపించలేదు.

రెండు అధ్యయనాల్లో రోగుల దశ, శిక్షణ తీరు వేర్వేరు గనుక వాటిని నేరుగా పోల్చలేము. అయినా 2020 నాటి కోక్రేన్ సమీక్ష ఇదే దిశను చూపింది. 25 అధ్యయనాల్లోని 676 మంది వివరాలను పరిశీలించిన ఆ సమీక్ష, ఇతర చికిత్సకు మానసిక సాధనను జోడిస్తే చేతి పనితీరు మెరుగుపడే అవకాశం ఉందని, దానికి ఒక మోస్తరు విశ్వసనీయత గల ఆధారం ఉందని తేల్చింది. సాధారణ చికిత్సకు బదులుగా దానినే ఇస్తే మేలు జరుగుతుందనేందుకు అటువంటి ఆధారం దొరకలేదు. 2016 నాటి అమెరికన్ పక్షవాత పునరావాస మార్గదర్శకాలు కూడా దానిని అనుబంధ చికిత్సగానే సూచించాయి. అంటే మానసిక సాధన చేతి వ్యాయామానికి తోడు మాత్రమే, బదులు కాదు.

ఈ విషయం భిలాయికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఉక్కు కర్మాగారంలో, తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో దేశం నలుమూలల నుంచి కార్మికులు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. అలా వచ్చిన తొలి తరాలు ఇప్పుడు పక్షవాతం ముప్పు ఎక్కువగా ఉండే వయసులో ఉన్నాయి. కర్మాగారంలో చేసిన వారికి హిందీ పని భాషగా అలవడింది. ఇంటి పట్టునే ఉండిపోయిన స్త్రీలలో కొందరికి మాత్రం బజారు అవసరాలకు మించిన హిందీ నేటికీ కొత్తే.

మామూలు వ్యాయామంలో భాష కొంత తక్కువైనా పని జరుగుతుంది. చికిత్సకుడు చేయి పట్టి చూపిస్తే రోగి అనుసరిస్తారు. మానసిక సాధనలో అలా కుదరదు, ఎందుకంటే అక్కడ చికిత్స మాట రూపంలోనే రోగికి అందుతుంది. విన్న వాక్యాన్ని ముందు అర్థం చేసుకొని, తరువాత దాన్ని కదలికగా మార్చుకోవలసి వస్తే, ఊహ మీద నిలవవలసిన ధ్యాస అనువాదంలోనే ఖర్చయిపోతుంది. పనుల ఎంపిక కూడా అంతే ముఖ్యం. జీవితమంతా పానా పట్టిన చేతికి పానా బిగింపు తెలుసు. ముగ్గు పిండిని వేళ్ల సందు నుంచి జారవిడిచిన చేతికి ఆ ఒడుపు తెలుసు. పప్పన్నం కలపడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, తాళం తీయడం వంటివి రోగికి ఇదివరకే ఒంటబట్టిన కదలికలు. ఎన్నడూ చేయని పని కన్నా ఇలాంటివి ఊహకు సులభంగా అందుతాయి.

ఈ పద్ధతి అందరికీ సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. పక్షవాతం మాటను అర్థం చేసుకునే శక్తిని దెబ్బతీసిన వారికి, ఏకాగ్రత నిలవని వారికి దీనివల్ల విసుగే మిగలవచ్చు. మెదడులోని పార్శ్విక భాగం దెబ్బతిన్న కొందరిలో కదలికను ఊహించే శక్తే తగ్గుతుంది. ఎవరు ఊహించగలుగుతున్నారో ముందుగా పరీక్షించవలసినది శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు లేదా ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఎంత సేపు, ఎన్ని వారాలు చేయాలన్నది పరిశోధకులు ఇంకా స్పష్టంగా తేల్చలేదు.

ఇంటివారి పాత్ర గురించి కూడా మన దేశంలోనే ఒక విలువైన పాఠం ఉంది. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారానే ఇంటి వద్ద పునరావాసం కల్పించే పద్ధతిని అటెండ్ అనే అధ్యయనం 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై పరీక్షించింది. 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, ఆరు నెలల తరువాత మరణం లేదా పరాధీనత విషయంలో మామూలు సంరక్షణకూ ఈ పద్ధతికీ తేడా కనిపించలేదు. ఇంటివారి ప్రేమ అవసరమే, కాని అది నిపుణుల కొరతను పూడ్చలేదు. పైగా ప్రేమతోనే జరిగే పొరపాటు ఒకటుంది. గ్లాసు అందించడం, బొత్తాలు పెట్టడం, ముద్ద కలిపి పెట్టడం అన్నీ ఇంటివారే చేసేస్తుంటే, కొద్దిగా కదలగలిగిన చేయి కూడా వాడుక లేక మరింత వెనుకబడుతుంది.

భిలాయిలో ఆచరణ సాధ్యమైన దారి వీటి మధ్య ఉంది. కర్మాగారానికి సెక్టార్ 9లో పెద్ద ఆసుపత్రి ఉంది, సమీపంలోని రాయపూర్‌లో ఎయిమ్స్ ఉంది, పట్టణంలో రెండు భాషలూ వచ్చిన యువత ఉంది. చికిత్సకుడు ఆ వారం చేయించిన పనినే తెలుగులో పది, పదిహేను నిమిషాల మాటగా రికార్డు చేసి రోగి ఫోనులో పెట్టవచ్చు. దుభాషిగా తెలుగు సంఘాల యువకులు సాయపడవచ్చు. అయితే ఏ పని, ఏ క్రమంలో, ఎంత కష్టంతో అన్నది చికిత్సకుడే నిర్ణయించాలి. పని మారినప్పుడు రికార్డు కూడా మారాలి. విన్న తరువాత చేయి కొద్దిగానైనా కదిలే వారు అదే పనిని నిజంగా ప్రయత్నించాలి. రేడియో వింటూ పెరిగిన తరానికి మాటను విని దృశ్యాన్ని ఊహించుకోవడం కొత్త కాదు.

ఇందులో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. ఖర్చు లేని చికిత్స దొరికిందన్న పేరుతో ఫిజియోథెరపీ కేంద్రాలపై, సిబ్బంది నియామకాలపై పెట్టవలసిన వ్యయాన్ని వాయిదా వేయడం సులభం. పునరావాసం అందడం కష్టమైన కాంట్రాక్టు కార్మికులకు, వారి కుటుంబాలకు ఒక రికార్డింగ్ ఇచ్చి ఇంటికి పంపితే బాధ్యత తీరిపోదు. ఇంతవరకు లభించిన ఆధారాలు అటువంటి పొదుపును సమర్థించడం లేదు. చికిత్సకుడు చేయించే వ్యాయామం, దానిని ఇంటి వద్ద మనసులో కొనసాగించేందుకు రోగికి అర్థమయ్యే భాషలో ఒక మాట, ఆ మాట ప్రకారం చేతిని వాడుకోనిచ్చే ఇంటివారి ఓర్పు, ఈ మూడూ కలిసినప్పుడే మానసిక సాధనకు విలువ ఉంటుంది.