మన పేర్లలో ఉన్న మాట



మందమర్రిలో ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మా యొద్దకు వచ్చింది. ఆమె కుమారుడు కువైటులో పనిచేస్తున్నాడు. “అయ్యగారూ, నా కొడుకు పోయే చర్చిలో అరబ్బోళ్లు దేవుణ్ణి ‘అల్లా’ అంటరట. వాడు తోవ తప్పలేదు గదా?” అని కన్నీళ్లు పెట్టుకున్నది. ఆ భయము చాలామందికి ఉన్నదే. కాబట్టి ఈ నెల ఆ మాటనే పరిశీలిద్దాము.

అరబీలో ‘ఇలాహ్’ అంటే దేవుడు. ముందు ‘అల్’ చేరి, ‘ఆ దేవుడు’ అనే అర్థముతో ‘అల్లాహ్’ అయినదని పండితులలో అనేకులు చెబుతారు. అరబీ, హెబ్రీ, అరామిక్ తోబుట్టువుల వంటి భాషలు. ఆదికాండము మొదటి వచనములో ఉన్నది ‘ఎలోహీం’. ఎజ్రా, దానియేలు గ్రంథముల అరామిక్ భాగములలో ‘ఎలాహ్’. మన ప్రభువు సిలువపై ‘ఎలోయీ’ అని మొరపెట్టాడు (మార్కు 15:34). ఇవన్నియు ఒక్క కుటుంబపు మాటలే. అరబీలో ప్రభువును ‘రబ్బ్’ అంటారు. సమాధి యొద్ద మగ్దలేనే మరియ పలికిన ‘రబ్బూనీ’కి మూలము అదే.

పెంతెకొస్తు దినమున అరబీయులు కూడ ఉన్నారు (అపొ. కా. 2:11). ఇస్లాము రాక మునుపే అరబీ మాట్లాడే క్రైస్తవులు ఉన్నారు. 1865లో బేరూతులో మిషనరీ వాన్ డైక్ ముగించిన అరబీ బైబిలులో మొదటి వచనమందే ‘అల్లాహ్’ అని ఉన్నది. మన ‘దేవుడు’ అనే మాట మాత్రము? అది సంస్కృత ‘దేవ’ శబ్దము నుండి వచ్చినది. బైబిలు తెలుగులోనికి రాక ముందే మన ఊళ్లలో ఉన్నది.

బాయి మస్టరులో పేర్లు వినండి. సమూయేలు, దానియేలు, ఇమ్మానుయేలు. చివర ఉన్న ‘ఏలు’ అంటే దేవుడు. వారి పక్కనే ఇస్మాయిల్, ‘దేవుడు వినును’ అని అర్థము (ఆది. 16:11). ఆ ‘ఇల్’ కూడ ఈ ‘ఏలు’యే.

మాట ఒకటైనంత మాత్రాన విశ్వాసము ఒకటి కాదు. యేసు దేవుని కుమారుడని మనము ఒప్పుకుంటాము. ముస్లిము సోదరులు ఒప్పుకొనరు. దానిని దాచనక్కరలేదు. అయితే ఆ మాటనే దూషిస్తే, అదే మాటతో తండ్రికి ప్రార్థించే అరబీ విశ్వాసులను కూడ దూషించినట్టే. పైగా బాయిలో పైకప్పు కూలితే మొదట చెయ్యి అందించేది పక్కనున్నవాడే. అతని ప్రార్థనను ఎగతాళి చేసిన నోటితో సువార్త ఎట్లా చెబుతాము?

ఇదంతా విని ఆ తల్లి కన్నీళ్లు తుడుచుకున్నది. శుక్రవారము ఆరాధన మానవద్దని ఆ రాత్రే కొడుకుకు ఫోనులో చెప్పింది. ప్రతి భాషలోని మొర వినే దేవుడు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.